ఆపరేషన్ ఎవరికి?

ఆరోగ్య శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి, "సార్, మీ కాలంలో పని ఎట్లా ఉండేది?" అని అడుగుతుంటారు. కాఫీ తాగి పోయేవాళ్ళకు ఏం చెప్పినా ఒకటే కదా అని కలరా సూదుల కథ ఒకటి చెప్పి పంపేస్తాను. ఈ కథ మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే ఇందులో తెలివితక్కువవాణ్ణి నేనే. ఎనభై ఏళ్ళు దగ్గర పడ్డాయి, ఇప్పుడు కూడా ఒప్పుకోకపోతే ఇంకెప్పుడు ఒప్పుకుంటాను?

అవి ఎమర్జెన్సీ రోజులు. తిరుత్తణికి కొద్ది దూరంలో ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో నేను హెల్త్ అసిస్టెంటుని. పేరు అంత గొప్పగా ఉన్నా, చేసే పని మాత్రం మగవాళ్ళను పట్టుకొచ్చి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టడమే. నెలకు ఇన్ని కేసులు కావాలని పైనుంచి ఉత్తర్వు వచ్చేది. తగ్గితే మెమో, మళ్ళీ తగ్గితే బదిలీ. నా సైకిల్ బెల్లు వినబడితే చాలు, మగవాళ్ళు చెరకు తోటల్లో దూరేవాళ్ళు. ఒకాయనైతే బావిలోకి దిగి, నేను పోయేదాకా మెట్టు మీద కూర్చున్నాడు. నేను ఊరుకుంటానా? గట్టు మీద కూర్చుని ప్రసంగం మొత్తం బావిలోకే చెప్పాను.

ప్రసంగం అంటే మామూలు ప్రసంగం కాదు. తమిళంలో ఒకటి, తెలుగులో ఒకటి, రెండూ కంఠతా వచ్చు. వాళ్ళ భయమల్లా ఒకటే, కోస్తే మగతనం పోతుందని. మూటలెత్తలేమనీ, మీసం రాలిపోతుందనీ, గొంతు మారిపోతుందనీ ఊరూరా పుకార్లు. అందుకని నేను బొమ్మల అట్టలు పట్టుకుని మొదలుపెట్టేవాణ్ణి. "అయ్యా, దారమంత సన్నని గొట్టం ఒకటి ఉంటుంది. దాన్ని ముడేస్తాం, అంతే. మగతనం అక్కడ లేదు, మనిషిలో ఉంది. మీరు నిన్న ఎవరో రేపూ వాళ్ళే. పెళ్ళాం మీద ఆశ నిన్న ఎంత ఉందో రేపూ అంతే. కత్తి చర్మాన్ని కోస్తుంది గాని మనసును కోయదు!" చివరి మాట దగ్గర గొంతు కొంచెం వణికించేవాణ్ణి. మా నర్సమ్మ పక్కనుంటే నవ్వు ఆపుకోలేక మందుల గదిలోకి పోయేది.

నర్సమ్మ నాకంటే పదేళ్ళు పెద్ద, నోరు కూడా అంతే పెద్ద. చుట్టుపక్కల పల్లెల్లో సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే కాబట్టి ఎవరినైనా ఏకవచనంతోనే పిలిచేది, నాతో సహా. ఇక మా డాక్టరు మద్రాసులో చదువు ముగించి నేరుగా మా నెత్తిన దిగిన కుర్రాడు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడడు. మంచివాడే గాని పుస్తకంలో లేనిది లోకంలో ఉండదని గట్టి నమ్మకం. ఆరోగ్య కేంద్రం మొత్తం మీద మా ముగ్గురిదే రాజ్యం.

ఆ నెల మాకు ఒక్క కేసు తక్కువ పడింది. శుక్రవారం క్యాంపు. తిరువళ్ళూరు నుంచి పెద్ద అధికారి జీపులో వస్తున్నాడు. అప్పటికే నాకు ఒక మెమో ఉంది. ఆ ఒక్క కేసు కోసం నేను ఎంత దిగజారిపోయానంటే, మా సొంత బావమరిది పెళ్ళి త్వరగా కుదిరి ఇద్దరు పిల్లలు పుట్టెయ్యకూడదా అని దేవుడికి దండం పెట్టుకున్నాను.

మంగళవారం పొద్దున ఆమె వచ్చింది. పొడుగాటి మనిషి. ఉతికి ఆరేసిన నూలు చీర, తలలో కనకాంబరాలు, చేతులకు శెనగపిండి. బస్టాండు దగ్గర వడలు వేసి అమ్ముతుందని అందరికీ తెలుసు. మగపిల్లవాడిగా పుట్టిందని కూడా అందరికీ తెలుసు. ఇప్పుడు తమిళంలో తిరునంగై అనీ, పేపర్లలో ట్రాన్స్ మహిళ అనీ మర్యాదగా రాస్తున్నారు. అప్పుడు మా నోళ్ళకు వచ్చిన మాటలు ఇక్కడ రాయను. రాస్తే నా మనవరాలు నాతో మాట్లాడదు.

"సార్, నాకొక సర్టిపికెట్ కావల్ల," అంది.

"ఏం సర్టిఫికెట్?"

"నేను ఆడదాన్నని."

నేను పెన్ను మూసి పక్కన పెట్టాను. ఆమె గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పింది. శెనక్కాయల మండీలో మూటలు మోసే ఒకాయనతో నాలుగేళ్ళుగా కాపురం చేస్తోంది. ఆయన మొదటి భార్య జ్వరంతో పోయింది. ఇద్దరు ఆడపిల్లలు. చిన్నదాన్ని పాలు మాన్పించింది కూడా ఈమేనట.

"చచ్చిపోయినామె అన్న ఒగడు ఉండాడు సార్. నాలుగేండ్లు ఈ పక్క తిరిగి చూళ్ళా. ఇప్పుడు పెద్దపాపకు ఎనిమిదేండ్లు వచ్చి పని చేసేటట్టయింది కదా, అదో, అప్పుడు గుర్తుకొచ్చినారు మేనకోడండ్లు! ఆ ఇంట్లో ఆడదిక్కు లేదు, పిల్లోళ్ళను నేను తీసకపోతా అని ఊరి పెద్ద కాడ పంచాయితీ పెట్టినాడు. వాళ్ళింట్లో ఆరు బర్రెలుండాయి సార్. పాపను ఇస్కూలు మాన్పించి పేడెత్తేదానికి పెట్టుకుంటాడు."

"ఊరి పెద్ద ఏమన్నాడు?"

"ఆపరేసన్ అయ్యుంటే నువ్వు ఆడది, పిల్లోళ్ళు నీ కాడనే ఉంటారు. అయిండకపోతే ఇద్దురు మొగోళ్ళుండే ఇంట్లో ఆడబిడ్డల్ని వదిలేది లేదు. ఆసుపత్రి కాయితం తే అనినాడు. అమాస దాంకా టైమిచ్చినాడు."

"అయిందా మరి ఆపరేషన్?"

"లేదు సార్. మా వాళ్ళల్లో కొంతమంది చేయించుకుంటారు. నాకు అవసరం అనిపీలా."

అమావాస్య ఇంకా వారం కూడా లేదు. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు గాని చీర కొంగును ఎంత గట్టిగా పిండుతోందంటే అది చిరిగిపోతుందేమో అనిపించింది. నేను ఆమె బాధ గురించి ఆలోచించాను అని రాయాలని ఉంది. అబద్ధం. నేను ఆలోచించింది నా శుక్రవారం గురించి.

ఆమెకు 'ఆపరేషన్ జరిగినది' అనే కాగితం కావాలి. నాకు కేసు కావాలి. మేము ఇచ్చే కాగితం మీద 'ఆపరేషన్ జరిగినది' అని పెద్ద అక్షరాలు, కింద డాక్టరు సంతకం, సర్కారు ముద్ర. ఏ ఆపరేషన్ అని ఊరి పెద్ద చదవబోతాడా? ఆయనకు సంతకం పెట్టడమే ఎక్కువ. ఇంతకంటే అందమైన ఏర్పాటు ఆ జిల్లాలో ఎవరికీ తట్టి ఉండదని నాకు గర్వంగా కూడా అనిపించింది. ఫారంలో భార్య పేరు ఏదో ఒకటి నేను కల్పిస్తాను. కాకపోతే ఒక్క చిక్కు, అది మగవాళ్ళకు చేసే ఆపరేషన్.

"ఒక్క గంట లుంగీ, చొక్కా వేసుకుని రావాలి," అన్నాను.

"మొగోని మాదిరి రావల్ల?"

"ఒక్క గంటే."

"ఆడదాన్నని కాయితం కోసరం, మొగోని మాదిరి రావల్ల."

"అవును," అన్నాను, ఇందులో అర్థం కానిదేముంది అన్నట్టు.

"సరే సార్. పిల్లోళ్ళ కోసరం వస్తా," అని వెళ్ళిపోయింది.

మందుల గదిలోంచి నర్సమ్మ వచ్చింది. "ఏమిరా, బుద్ధి యాడన్నా కుదువ పెట్టినావా? ఆ యమ్మను కోసి నువ్వు కేసు రాసుకుంటావా?"

"ఇద్దరికీ మంచిదే కదా నర్సమ్మా."

"మంచి ఇద్దురికీ, కోత మాత్రం ఒగరికా? పొయ్యి నీ ఒళ్ళు కోసుకోపో!" అని నేరుగా డాక్టరు గదిలోకి పోయి అంతా చెప్పేసింది.

డాక్టరు కోప్పడతాడని భయపడ్డాను. ఆయన కోప్పడలేదు. ఆయనకు ఉత్సాహం వచ్చింది. ఇది వైద్య సమస్య, పరిశీలించాలి, మరుసటిరోజు ఆమెను పిలిపించమన్నాడు. రాత్రంతా లావుపాటి పుస్తకం తిరగేసినట్టున్నాడు, పొద్దున కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఆమె ఒంటరిగా రాలేదు. తిరువళ్ళూరు నుంచి రైల్లో వచ్చిన ఒక పెద్దామెను వెంటబెట్టుకొచ్చింది. అరవై ఏళ్ళుంటాయి. తెల్లటి ముడి, నోటి నిండా తాంబూలం. ఈమెను కూతురిగా చేరదీసింది ఆమేనట. ఆమెకు వయసులో ఉన్నప్పుడే ఆపరేషన్ అయింది. అంటే డాక్టరు ముందు ఇప్పుడు ఇద్దరు కూర్చున్నారు, ఒకరు అయినవారు, ఒకరు కానివారు. ఆయన మొహం వెలిగిపోయింది. కాగితం మీద నిలువుగా ఒక గీత గీసి, ఎడమవైపు 'ముందు, పురుషుడు' అనీ, కుడివైపు 'తర్వాత, స్త్రీ' అనీ రాసుకున్నాడు. ఆయన అడిగింది తమిళంలో, ఇక్కడ నేను తెలుగులో రాస్తున్నాను.

"నీకు ఆడవాళ్ళంటే ఆశ ఉందా?" అని వడల ఆమెను అడిగాడు.

"ఛీ, ఏంది సార్ ఆ మాట! నాకు మా ఇంటాయన ఉండాడు."

డాక్టరు కాగితం చూసుకున్నాడు. "మగవాడి మీద ఆశ ఆపరేషన్ అయ్యాక కదా రావాలి?"

"ఏం చేసేది సార్, ముందే వచ్చేసింది."

నర్సమ్మ మందుల గదిలోకి పోయింది. డాక్టరు పెద్దామె వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. కోసిన తర్వాత మనసు మారిందా?"

పెద్దామె లేచి, కిటికీలోంచి తాంబూలం ఉమ్మి, మళ్ళీ వచ్చి కూర్చుంది. "మనసా? నాకు పదహారేండ్లప్పుడు ఒక బస్సు డ్రైవరు మీద మనసు పడింది. ఇరవై రెండేండ్లకు ఆపరేసన్ చేయించుకుంటిని. నలబై దినాలు పడుకుంటిని. లేస్తిని, తల దువ్వుకుంటిని, నేరుగా పొయ్యి ఆ బస్సే ఎక్కితిని. నేనేం మారలా సామీ. వాడే ఇంగో ఊరికి మార్పించుకుని పాయ."

"అయితే ఎందుకు చేయించుకున్నారు?"

"నాకు కావల్లని ఉండె. చేయించుకున్నాక నా ఒళ్ళు నాదనిపించె, నిమ్మళంగా ఉండె. దీనికి కావల్లని లేదు. దీని ఒళ్ళు దీనికి బాగానే ఉండాది. అంతే కత. అది లేకుండా ఇది ఆడదేనా అంటారా? పదేండ్లుగా చూస్తా ఉండా, నాకంటే పెద్ద ఆడది. పిల్లోళ్ళకు ఒళ్ళు వెచ్చబడితే మూడు దినాలు కూడు తినదు. నేనైతే తినేస్తా."

డాక్టరు చాలాసేపు ఆ నిలువు గీతనే చూశాడు. ఎడమవైపు వాళ్ళు కుడివైపు మాటలు చెబుతున్నారు, కుడివైపు వాళ్ళు తాము ఎడమవైపు ఉన్నప్పుడు కూడా ఇంతేనంటున్నారు. చివరికి గీత కొట్టేశాడు. కొట్టేశాక అది ఇంకా పెద్ద గీతైంది.

"పుస్తకంలో రెండే ఉన్నాయి," అన్నాడు దిగులుగా. తర్వాత తీర్పు చెప్పాడు. ఈమెకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయడానికి వీల్లేదు, ఎందుకంటే ఫారంలో పురుషుడు అని ఉంది, ఈమె పురుషుడని తనకు నమ్మకం లేదు. అలాగని స్త్రీ అని సర్టిఫికెట్ ఇవ్వడానికీ వీల్లేదు, ఎందుకంటే ఆపరేషన్ కాలేదు.

పెద్దామె లేచి, "దీనికి ఇంత చదువు చదవల్లనా?" అని తిరువళ్ళూరు రైలుకు వెళ్ళిపోయింది.

అక్కడితో ఊరుకుని ఉంటే నేను మనిషిని. ఊరుకోలేదు. వడల ఆమె వెనకాలే గేటు దాకా పోయి, "శుక్రవారం వచ్చెయ్. చాలామంది ఉంటారు. బల్ల మీద పడుకోబెట్టాక మధ్యలో పచ్చగుడ్డ ఉంటుంది, డాక్టరుకు ముఖాలు కనబడవు," అన్నాను. అమావాస్య గుర్తు చేశాను. పిల్లల్ని గుర్తు చేశాను. ఆమె తలూపింది. పిల్లలూ, మీ సర్వీసులో మీరు ఎన్ని తప్పులైనా చేస్తారు. అవతలి మనిషికి దారి లేదని తెలిసి, ఆ సందులో మీ పని చక్కబెట్టుకోవద్దు. నేను చేశాను కాబట్టే చెబుతున్నాను.

శుక్రవారం ఆరోగ్య కేంద్రం ముందు పందిరి వేశారు. కుటుంబ నియంత్రణ గుర్తైన ఎర్ర త్రికోణాల తోరణాలు, ప్రతి కేసుకూ ఇవ్వడానికి వరసగా ప్లాస్టిక్ బకెట్లు. బెంచీల మీద పన్నెండుమంది మగవాళ్ళు, పెళ్ళిచూపుల్లో పెళ్ళికూతుళ్ళలా తలలు దించుకుని కూర్చున్నారు. అందులో ఒకాయనకు డెబ్బై ఏళ్ళు. ఒకడికి పెళ్ళే కాలేదని నాకు లోలోపల అనుమానం. ఆ రోజుల్లో ఇవన్నీ ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

ఆమె వచ్చింది. లుంగీ, చొక్కా, జుట్టు కనబడకుండా తలకు తువ్వాలు. పక్కన ఆమె ఇంటాయన, కొండలా ఉన్న మనిషి, ఎక్కువ మాట్లాడని మనిషి. చెరోవైపు ఇద్దరు ఆడపిల్లలు. చొక్కా వేసుకుంటే ఆమె మగవాడిలా కనబడుతుందని అనుకున్నాను. చొక్కా వేసుకున్న ఆడమనిషిలా కనబడింది. నడక మారుతుందా? తువ్వాలు సర్దుకునే చెయ్యి మారుతుందా?

అంతలో చిన్నపిల్ల పందిరంతా వినబడేట్టు అడిగింది. "అమ్మా, నాయన చొక్కా నువ్వెందుకేసుకుంటివి?"

పన్నెండు తలలు ఒక్కసారి లేచాయి. ఒకాయన ఆమెను పైనుంచి కిందికి చూసి, వణికిపోతూ పక్కవాడితో అన్నాడు. "చూడబ్బా! ఇదో ఈ మనిషికి పోయిన నెల కోసినట్టుండారు. ఎట్లయిపాయనో చూడు! పిల్లోళ్ళు అమ్మా అంటాండారు!"

ఇక చూడండి. బెంచీ బెంచీ లేచింది. డెబ్బై ఏళ్ళాయనే అందరికంటే ముందు గేటు దగ్గరికి చేరాడు. పన్నెండు కేసులూ పోతున్నాయి. దూరంగా రోడ్డు మీద జీపు దుమ్ము లేస్తోంది. నేను గేటుకు అడ్డంగా చేతులు చాపి నిలబడి, బొమ్మల అట్టలు కూడా లేకుండా ప్రసంగం ఎత్తుకున్నాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. మగతనం అక్కడ లేదన్నాను. నిన్న ఎవరో రేపూ వాళ్ళే అన్నాను. ఆశ మారదన్నాను. "కత్తి చర్మాన్ని కోస్తుంది గాని మనసును కోయదు!" అన్నాను. ఈసారి గొంతు దానంతట అదే వణికింది.

జనం ఆగారు. అప్పుడు ఆమె ముందుకొచ్చింది.

"సార్, ఒక్క మాట. కోస్తే మొగతనం పోదు అంటిరి కదా?"

"అవును."

"కోస్తే మనసు మారదు, ఆశ మారదు, నిన్న ఎవురో రేపూ వాళ్ళే అంటిరి."

"అవునమ్మా, అదే కదా చెప్తున్నాను." అమ్మా అన్నానని నేను గమనించుకోలేదు.

"కత్తి మొగోని మొగతనాన్ని తీసకపోలేదు. మరి నాకు ఆడతనం ఎట్ల తెచ్చిస్తాది? నేను నిన్న ఎవురో ఈ పొద్దూ అదే కదా సార్? నాకు మాత్రం ఏరే చట్టమా?"

ఆ ప్రసంగం ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. బావిలోకి కూడా చెప్పాను. చెప్పిన నాకు తప్ప అందరికీ అర్థమైనట్టుంది. ఆమె తలకున్న తువ్వాలు తీసేసింది. జుట్టు నడుము దాకా జారింది. "నేను చేయించుకోను సార్. పిల్లోళ్ళకు ఇంగేదన్నా దోవ చూసుకుంటా," అంది. అప్పుడు ఏడ్చింది. ఏ దోవా లేదని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్న ఆమె ఇంటాయన కదిలాడు. నా ముందుకొచ్చి, "నాకు చెయ్యండి," అన్నాడు.

"నీకా? నీకెందుకయ్యా?" అనేశాను.

"ఇద్దురు పిల్లోళ్ళుండారు. చాలు. ఏమీ పోదని మీరే అంటిరే." కొంచెం ఆగి, అంత పెద్ద మనిషి సిగ్గుపడుతూ, "ఆ ఫారంలో పెండ్లాం పేరు రాస్తారంట కదా," అన్నాడు.

నా వెనకాల నర్సమ్మ ఫారం పట్టుకుని నిలబడి ఉంది. ముఖంలో ఏ భావమూ లేదు. ఆ మాట ఆయన చెవిలో ఎవరు వేశారో నాకు అప్పుడు తెలిసింది.

బెంచీ మీద కూర్చుని ఫారం నింపాను. భర్త పేరు. వయసు. బతికి ఉన్న పిల్లలు, ఇద్దరు. భార్య పేరు అన్న చోట పెన్ను ఆగింది. ఆమె తన పేరు చెప్పింది. రాశాను. కింద 'భార్య సమ్మతి' అని ఒక గీత ఉంటుంది. వేలిముద్రకు నేను సిరా పెట్టె తెరిచేలోగా, "సంతకం వచ్చు సార్," అని పెన్ను తీసుకుని తెలుగులో ఒక్కో అక్షరమే పెట్టింది. మండీలో మూట కింద పెట్టి వచ్చిన మనిషి లోపలికి వెళ్ళి బల్ల మీద పడుకున్నాడు. ఆయన వెళ్ళడం చూసి మిగతా పన్నెండుమందీ మళ్ళీ బెంచీల మీద కూర్చున్నారు. జీపు వచ్చేసరికి పదముగ్గురు ఉన్నారు.

సాయంత్రం సంతకాలప్పుడు ఆ ఫారం దగ్గర డాక్టరు చెయ్యి ఆగింది. చాలాసేపు చదివాడు. "ఈ కట్ట మొత్తంలో అన్నీ నిజాలే ఉన్న ఫారం ఇదొక్కటే," అని సంతకం పెట్టి ముద్ర కూడా తనే కొట్టాడు.

అమావాస్య నాడు ఊరి పెద్ద ఇంటి అరుగు ముందు కూడారు. ఆమె ఇంటాయన బరువులు ఎత్తకూడని వారంలో ఉన్నాడు కాబట్టి కాళ్ళు ఎడంగా పెట్టి మెల్లగా నడిచొచ్చాడు. మేనమామ ఎద్దులబండి కట్టుకుని, పిల్లల గుడ్డల కోసం గోనెసంచి కూడా తెచ్చుకున్నాడు. నన్నూ నర్సమ్మనూ సాక్ష్యానికి పిలిచారు. నేను కాగితం చదివాను. ఆపరేషన్ జరిగినది. భార్య పేరు ఫలానా. భార్య సమ్మతి ఉన్నది. సర్కారు ముద్ర.

మేనమామ లేచాడు. "ఏం నాటకాలా? ఆపరేసన్ అయింది వీనికి! కావల్సింది దానికి!"

ఊరి పెద్ద గడ్డం గోక్కున్నాడు. నన్ను చూసి చెరకు తోటలో దూరినవాళ్ళలో ఆయనా ఒకడు, కాబట్టి నా ప్రచారం ఆయనకు బాగా తెలుసు. "మొగుడూ పెండ్లాంలో ఎవురో ఒగరు చేయించుకుంటే చాలని సర్కారే చెప్తాండాది కదబ్బా. ఏం సార్, అంతే కదా?"

నేను నర్సమ్మ వైపు చూశాను. ఆమె ఆకాశం వైపు చూసింది. "అంతే," అన్నాను.

"అయితే ఆ ఇంటికి ఆపరేసన్ అయిపాయ. నేను అడిగింది ఆపరేసన్ కాయితం. తెచ్చినారు. పోండి, పోండి," అని ఆయన లేచి లోపలికి పోయాడు. నాకు తెలిసి మా ప్రాంతంలో ఇంత అర్థంలేని తీర్పు ఇంకోటి రాలేదు, ఇంత న్యాయమైన తీర్పు కూడా రాలేదు. పెద్దపిల్ల గోనెసంచి మడిచి మేనమామ చేతికిచ్చింది.

మేనమామ ఊరుకుంటాడా? తిరువళ్ళూరు ఆఫీసుకు అర్జీ పెట్టాడు. మూడు వారాలకు నాకు పిలుపొచ్చింది. అదే పెద్ద అధికారి. బల్ల మీద ఆ ఫారం.

"భార్యకు పిల్లలు పుట్టే వీలే లేనప్పుడు, భర్తకు ఆపరేషన్ చేసి నువ్వు ఏ పుట్టుకను ఆపావయ్యా?" అని అరిచాడు. నిజమే. డెబ్బై ఏళ్ళాయన కేసును మాత్రం అదే క్యాంపులో ఈ అధికారే నా భుజం తట్టి మెచ్చుకున్నాడు. అది గుర్తుచేద్దామనుకుని మానుకున్నాను.

"ఈవిడ స్త్రీ అని నువ్వు ఎట్లా నిర్ధారించావు? ఆపరేషన్ అయిందా?"

"లేదు సార్. మా ఆవిణ్ణి కూడా నేను అట్లా నిర్ధారించుకుని పెళ్ళి చేసుకోలేదు సార్."

నా నోట్లోంచి ఆ మాట ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. గదిలో గుమాస్తా ఒకాయన దగ్గాడు. అధికారి ముఖం కందిపోయింది. కాని ఆయన తెలివైనవాడు, గొంతు తగ్గించాడు. తెల్లకాగితం నా ముందుకు తోశాడు. "భార్య పేరు పొరపాటున రాశాను అని ఒక్క వాక్యం రాసివ్వు. సర్టిఫికెట్ రద్దు చేస్తాను. నీ జోలికి రాను. లేదంటే ఆరంబాక్కం పోతావు."

ఆరంబాక్కం అంటే జిల్లాకు ఇంకో అంచు, పులికాట్ సరస్సు పక్క. మా ఇద్దరు పిల్లలు అప్పుడే తిరుత్తణి బడిలో చేరారు. మా అమ్మకు పక్షవాతం. నా చేతిలో పెన్ను. ఒక్క వాక్యమే కదా. ఆ వాక్యం రాస్తే తెల్లారేసరికి ఆ ఎద్దులబండి మళ్ళీ వాళ్ళ గుమ్మం ముందుంటుంది. భయం వేసింది, నిజంగానే వేసింది. పచ్చగుడ్డ అడ్డం ఉంటుంది, ముఖాలు కనబడవు అని ఆమెకు చెప్పిన నోరు ఇదే అని గుర్తొచ్చింది. రాశాను. 'భార్య నా ఎదుట సంతకం చేసినది. పొరపాటు లేదు.'

రాసిచ్చాక ఫారం రద్దు చేయడానికి ఆయనకు ఆధారం లేకుండా పోయింది. నా బదిలీకి మాత్రం ఆధారం దొరికింది.

ఇంటికొచ్చి ఉత్తర్వు చూపిస్తే మా ఆవిడ గయ్యిమంది. "ఎవురో ఏందో తెలీదు, వాళ్ళ కోసరం మనం సముద్రం పక్కకు పోవల్లనా? మీ అమ్మను ఎత్తుకుని యాడికి పోదాం? పిల్లోళ్ళ ఇస్కూలు? నీకు పేరు కావల్నా? బిరుదు కావల్నా?" గంటసేపు తిట్టింది. అన్నీ న్యాయమైన తిట్లే. నేను తలొంచుకుని కూర్చున్నాను.

తిట్టి తిట్టి అలిసిపోయి, మంచినీళ్ళు తాగి, చెంబు కింద పెట్టి అడిగింది. "ఇంతకీ ఆ ఆడబిడ్డలు ఇప్పుడు ఎవురి కాడ ఉండారు?"

"వాళ్ళమ్మ దగ్గర," అన్నాను.

"మరి ఇంగేమి," అని అటక మీది ట్రంకుపెట్టె దించమంది.